ఎండు రొయ్య కట్టి బతికున్న రొయ్య తినే చేపకి వేస్తే: కేసీ కెనాల్ కింద చెరువులో ఒక ఫ్లై ఫిషింగ్ కేసు

ఈ కేసు రాయడానికి ఆయన ఒప్పుకున్నాడు కానీ పేరు, ఊరు, చెరువు పేరు వద్దన్నాడు. చెరువు పేరు వద్దనడం నాకూ సరైనదే అనిపించింది. సొసైటీ వాళ్ళు లీజుకి తీసుకుని చేపపిల్లలు వదులుకుని బతికే చెరువు అది, పదిమంది రాడ్లు పట్టుకుని ఆడికి పోతే వాళ్ళకి ఇబ్బంది. కర్నూలు చుట్టుపక్కల, కేసీ (కర్నూలు-కడప) కెనాల్ నీళ్ళు చేరే ఒక చెరువు అనుకోండి, చాలు. ఆయన్ని అన్న అనే రాస్తా, నాకంటే పెద్దాయన, నన్ను తమ్ముడూ అంటాడు.

ఫ్లై అంటే తెలియనివాళ్ళకి ముందు ఒక మాట. ఎర ఏమీ గుచ్చకుండా గాలానికి దారం, ఉన్ని, కోడి ఈకలు చుట్టి పురుగులాగానో రొయ్యలాగానో చేసేదే ఫ్లై. దానికి విసిరేంత బరువు ఉండదు, బరువంతా లైన్‌లో ఉంటుంది, ఆ లైన్‌ని గాల్లో ముందుకీ వెనక్కీ ఆడిస్తే దాని వెంట ఫ్లై పోతుంది. నేను ఫ్లైలు కడతా, నేర్చుకోవాలని వచ్చేవాళ్ళకి నేర్పిస్తా. వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఇబ్బంది కాస్టింగ్‌లోనే, అంటే ఆ విసరడంలోనే ఉంటుంది, అది సరిచేస్తే చేపలు వాటంతట అవే పడతాయి. అన్న కేసు అట్ల కాదు, అందుకే రాస్తున్నా.

సమస్య ఏంది

అన్నకి కాస్టింగ్ వచ్చు. ఐదో నంబర్ రాడ్, నీళ్ళ మీద తేలే ఫ్లోటింగ్ లైన్, దాని కొసకి కట్టే తొమ్మిదడుగుల సన్న దారం లీడర్, అన్నీ సరైనవే. తూము కాడ నీటి పురుగు పిల్లలాగా కట్టే చిన్న నల్ల నింఫ్ ఫ్లై వేస్తే పరిగెలు పడుతున్నాయి. కానీ ఆయన మనసంతా రొయ్య ఫ్లై మీదే ఉంది, దానికి కారణం కూడా గట్టిదే. పొద్దున వలలు దులిపేవాళ్ళు కట్ట మీద వదిలేసే చెత్తలో చిన్న రొయ్యలు దండిగా ఉంటాయి. ఇన్ని రొయ్యలున్న చెరువులో చేపలు రొయ్య తినకుండా ఎట్ల ఉంటాయి అనేది ఆయన లెక్క. లెక్క తప్పు కాదు, నేను కూడా అదే అనుకునేవాణ్ణి.

అయినా ఒక్క చేప పట్టదు. "వస్తాయి తమ్ముడూ, మూతి తగిలేదాకా వస్తాయి, చూస్తాయి, తిరిగి పోతాయి" అన్నాడు. నీళ్ళు తేటగా ఉండే చలికాలం కాబట్టి కళ్ళారా కనిపిస్తుంది, అందుకే ఇంకా బాధ.

నా దగ్గరికి వచ్చేలోపు ఆయన చేయాల్సినవి చానా చేసినాడు. టిప్పెట్, అంటే ఫ్లైకి కట్టే లీడర్ చివరి ముక్క, సన్నం చేస్తూ 6ఎక్స్ దాకా పోయినాడు, ఎక్స్ ముందు అంకె పెరిగేకొద్దీ దారం సన్నం. రంగు మార్చినాడు, ఆరెంజ్ నుంచి పింక్, పింక్ నుంచి మెరుపు దారం కలిపిన ఇంకా ముదురు ఆరెంజ్. లోతుకి పోవాలని బరువైన టంగ్‌స్టన్ పూస పెట్టినాడు. పూస పెట్టినాక ప్రతి కాస్ట్‌కీ నాచు ముద్ద వచ్చింది, వెనక వచ్చే చేపలు కూడా రావడం మానేసినాయి.

నేను ఆయన ఫ్లైల పెట్టె తెరిచి చూసినా. కట్టు చానా శుభ్రంగా ఉంది, ఒంటి మీద సన్నగా చుట్టే రిబ్బింగ్ చుట్లు సమంగా ఉన్నాయి, తల చిన్నగా ఉంది, వార్నిష్ బాగా వేసినాడు. అన్నీ వంకర హుక్‌ల మీద, అన్నీ ఆరెంజ్ కుటుంబం.

ముందు ఏది కాదో తేల్చుకోవడం

చేప వెంబడి వచ్చి తిరిగిపోతే ఎవరైనా ముందు టిప్పెట్‌నే అనుమానిస్తారు, అన్న కూడా అదే చేసినాడు. కానీ ఆ 6ఎక్స్ టిప్పెట్‌కే నల్ల నింఫ్ కడితే అదే నీళ్ళలో, అదే పూట పరిగెలు పడుతున్నాయి. పరిగె వేరు, పెద్ద చేప వేరు అనొచ్చు, నిజమే. కానీ ఆ సన్నం టిప్పెట్‌కి కూడా తిరిగిపోతున్నాయంటే ఇంకా సన్నం చేసి లాభం లేదు. అందుకని టిప్పెట్ సంగతి పక్కన పెట్టి 4ఎక్స్‌కి తిరిగొచ్చినాం.

రంగు మార్చడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఆరెంజ్ నుంచి పింక్‌కి పోవడం చూడ్డానికి మార్పే, కానీ ఆ రెండూ ఒకే ఊహ నుంచి వచ్చినవి. ఆ ఊహే తప్పైతే అందులో ఎన్ని రంగులు తిప్పినా కొత్తగా ఏమీ తెలీదు. ఆ ఊహ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలనిపించింది నాకు.

"అన్నా, రొయ్య ఏ రంగు ఉంటుంది?" అని అడిగినా.

"ఆరెంజే గదా తమ్ముడూ, వంకర తిరిగి."

ఆయన చిన్నప్పటి నుంచి చూసిన రొయ్యలు సంతలో అమ్మే ఎండు రొయ్యలు. సముద్రానికి దూరంగా ఉండే మన సీమలో చానామందికి రొయ్య అంటే అదే, లేదంటే హోటల్ ప్లేట్లో వచ్చేది. రెండూ వంకరే, రెండూ ఎర్రవే. వలలో రొయ్యలు కట్ట మీద పడి ఉన్నప్పుడు కూడా చచ్చి తెల్లబడి ఉంటాయి, పరీక్షగా చూడబుద్ధి కాదు. ఇంకో పక్క ఆయన చూసిన విదేశీ వీడియోలలో కూడా వంకర హుక్ మీద ఆరెంజ్ ఫ్లైలే. రెండు ఆధారాలూ ఒకే మాట చెప్తుంటే అనుమానం ఎవరికి వస్తుంది చెప్పండి.

బేసిన్ పెట్టి చూడటం

మరుసటి పొద్దున ఫ్లై వేయలేదు. వలలు దులిపేవాళ్ళని అడిగి, ఇంకా బతికున్న రొయ్యలు కొన్ని తెల్ల బేసిన్‌లో చెరువు నీళ్ళతోనే వేసుకుని కట్ట మీద నీడలో కూర్చున్నాం. ఈ పని ఎవరైనా చేయొచ్చు, ఖర్చు లేదు, ఫ్లైలు కట్టేవాళ్ళు ఎందుకు చేయరో నాకు అర్థం కాదు.

చూసినవి ఇవి. రొయ్యలో అవతలి పక్క కనిపిస్తుంది, అంత పారదర్శకం. బేసిన్ తెల్లగా ఉంటే ముందు కనిపించేవి నల్ల కళ్ళు, తర్వాత తల లోపల పొట్ట ఉండే చోట ముదురు మచ్చ, అంతే. ఒళ్ళు తిన్నగా ఉంది, వంకర లేదు. కదిలినప్పుడు పొట్ట కింద ఉండే చిన్న ఈత కాళ్ళు ఆడిస్తూ నిదానంగా ముందుకి పోతుంది. చీపురు పుల్లతో తల దగ్గర తాకితే తోక ఒక్కసారి లోపలికి మడిచి టపామని వెనక్కి ఎగిరిపోతుంది, ఆ తర్వాత ఏమీ చేయకుండా మెల్లగా కిందికి దిగుతుంది. మళ్ళీ తాకితే మళ్ళీ వెనక్కే.

అన్న చానాసేపు అట్లనే తాకుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయనే అన్నాడు, "నా ఫ్లై ముందుకి పారిపోతోంది తమ్ముడూ." నిజం. మామూలుగా రొయ్య తల హుక్‌కి దారం కట్టే బెజ్జం వైపు కడతాం, లైన్ లాగితే తల ముందు వస్తుంది. భయపడిన రొయ్య తోక ముందు పెట్టి పోతుంది. చేప చూసే సమయానికి రొయ్య భయపడే ఉంటుంది కదా.

రంగు సంగతి కూడా ఆ పూటే తేలింది. రొయ్య ఒంట్లో ఆస్టాజాంథిన్ అనే ఎర్ర రంగు పదార్థం ఉంటుంది కానీ బతికి ఉన్నప్పుడు అది ఒక ప్రోటీన్‌తో అంటుకుని ఉండటం వల్ల ఎర్రగా కనిపించదు, వేడి తగిలితే ఆ ప్రోటీన్ విడిపోయి ఎరుపు బయటికి వస్తుంది. అంటే ఆరెంజ్, వంకర రెండూ వంటింటి నుంచి వచ్చినవి, చెరువులోవి కావు.

"మరి ఆ దేశాల్లో ఆరెంజ్ ఫ్లైకి ఎట్ల పడుతున్నాయి?" అన్నాడు. మంచి ప్రశ్న. ఇంగ్లండ్ లాంటి చోట్ల ట్రౌట్ అనే చేపని పట్టేవాళ్ళు ఫ్రెష్‌వాటర్ ష్రింప్ అని పిలిచేది నిజానికి గామరస్ అనే వేరే జీవి, చల్లటి నీళ్ళలో రాళ్ళ కింద ఉంటుంది, వేలి గోరంత, అది నిజంగానే వంకర తిరిగి ఉంటుంది. దాని ఒంట్లో పొంఫోరింకస్ లాంటి పరాన్నజీవి పురుగు చేరితే బయటికి ఆరెంజ్ చుక్క కనిపిస్తుంది, అట్లాంటివాటిని చేపలు ఎక్కువ తింటాయి. అందుకే ఆడ ఆరెంజ్ చుక్క పెట్టి కట్టడంలో అర్థం ఉంది. మన బేసిన్‌లో ఉన్నది ఆ జీవి కాదు, నీలకంఠ రొయ్యకి దూరపు చుట్టం లాంటి చిన్న రొయ్య. ఫ్లై మంచిదే, నీళ్ళు వేరే.

సరైన ఫ్లైతో కూడా ఖాళీ చేతులు

ఆయన ఇంటికి పోయి తిన్నటి హుక్ మీద పారదర్శకంగా కొత్త ఫ్లై కట్టుకొచ్చినాడు. నేను కావాలనే ఇంకేమీ మార్చనివ్వలేదు, అదే చోటు, అదే మధ్యాహ్నం, అదే లాగుడు. అన్నీ ఒకేసారి మారిస్తే పని చేసినా దేని వల్ల చేసిందో తెలీదు కదా.

పట్టలేదు. పైగా వెనక వచ్చే చేపలు కూడా తగ్గిపోయినాయి. అన్న నీరుగారిపోయినాడు. నాకు మాత్రం అదే పెద్ద సమాచారం. ఆరెంజ్‌కి వెంట వచ్చి, అసలు రొయ్య రంగుకి రాని చేప అసలు రొయ్యని తినే చేపేనా? వెంట వచ్చేవన్నీ తిలాపియాలు, తేట నీళ్ళలో మిట్ట మధ్యాహ్నం కనిపించేవి అవే. మెరిసేది కదిలితే చూడ్డానికి వస్తాయి, గూడు కాసే రోజుల్లో అయితే కోపంతో కొడతాయి కూడా, అది ఆకలి కాదు.

దీన్ని తేల్చింది వంటిల్లే. వలవాళ్ళ దగ్గర తెల్లారుజామున పడిన రెండు తిలాపియాలు, కొన్ని జెల్లలు కొనుక్కుని అన్న ఇంట్లో కడిగేటప్పుడు పొట్టలు కోసి చూసినాం. తిలాపియా పేగు సన్నగా, పొడుగ్గా చుట్లు చుట్లుగా ఉంది, లోపల పచ్చటి నాచు గుజ్జు. జెల్ల పొట్టలో రొయ్య కాళ్ళు, తల పెంకులు, కొన్ని పురుగులు. తిలాపియా రొయ్య అస్సలు తినదని కాదు, దొరికితే తింటుంది, కానీ నాచు మేసే చేప కోసం రొయ్య కట్టి మధ్యాహ్నమంతా నిలబడటం గిట్టుబాటు కాని పని. జెల్ల రాత్రి మేసే చేప, పగలు మనకి కనపడదు. రొయ్య కూడా పగలు రాళ్ళ సందుల్లో, నాచులో దాక్కుని పొద్దుగూకినాక బయటికి వస్తుంది.

కంటికి కనిపించే చేపకి కాకుండా పొట్టలో రొయ్య కనిపించిన చేపకి ఫ్లై వేయాలని ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాం. దాంతో చోటు, పూట రెండూ వాటంతట అవే తేలిపోయినాయి: కట్టకి రాళ్ళు పరిచిన అంచు, సూర్యుడు దిగినాక. చెరువు మధ్యకి దూరంగా విసరడం మానేసి కట్టకి సమాంతరంగా, రాళ్ళకి రెండు మూడడుగుల దూరంలో పడేట్టు కాస్ట్. సొసైటీ వాళ్ళకి ముందే చెప్పి ఒప్పించుకున్నాం, చీకట్లో కట్ట మీద ఎవరో తిరుగుతున్నారంటే వాళ్ళు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

ఇక్కడ ఒక జాగ్రత్త. రాతి కట్ట, సాయంత్రం, నీళ్ళు, అంటే రక్తపింజర ఉండే చోటు. మోకాలి దాకా గంబూట్లు, చేతిలో టార్చ్ లేకుండా ఎవరూ దిగొద్దు, చేప కోసం రాళ్ళ సందులో చెయ్యి అస్సలు పెట్టొద్దు.

లాగుడులో ఉన్న తిరకాసు

చోటు మారినాక మొదటి సాయంత్రమే లైన్‌కి టక్ టక్ అని తగిలింది, కానీ ఏదీ నిలవలేదు. పక్కన నిలబడి చూసినా. అన్న చెయ్యి ఆగదు, గాలిపటం దారం దింపుతున్నట్టు ఒకే వరసలో లాగుతూనే ఉన్నాడు. అట్ల లాగితే చేప తోక దగ్గర కొరికి వదిలేస్తుంది. బేసిన్‌లో రొయ్య ఏం చేసింది? ఒక్కసారి ఎగిరింది, ఆగింది, దిగింది. జెల్ల దాన్ని అందుకునేది ఆ దిగే టైంలోనే.

ఫ్లైని కూడా తిరగేసినాం, అంటే రొయ్య తల హుక్ వంపు వైపు, తోక బెజ్జం వైపు. లాగితే తోక ముందు పోతుంది. నాచులో చిక్కకుండా హుక్ ముల్లు పైకి తిరగాలని పూసల గొలుసు ముక్క పెట్టినాడు, తాళాల గుత్తికి వేస్తారే, ఆ చిన్న ఇనుప పూసల గొలుసు, రెండు పూసలు కత్తిరించి. మొదట బెజ్జానికి ఆనించి కట్టినాడు, బేసిన్‌లో వేస్తే తోక కిందికి పెట్టి నిలువుగా మునిగింది. రొయ్య అట్ల దిగదు, అడ్డంగా దిగుతుంది. పూసలు హుక్ కాడ మధ్యకి జరిపినాక దాదాపు అడ్డంగా దిగింది. చెరువులో చీకట్లో ఈ తేడా ఎప్పటికీ తెలిసేది కాదు.

చివరికి నిలబడిన కట్టు ఇది. పదో నంబర్ పొడుగు కాడ తిన్నటి హుక్, ముల్లు మీద వెనక్కి తిరిగి ఉండే చిన్న మొన, బార్బ్ అంటారే, దాన్ని ప్లయర్‌తో నొక్కేసి. పూసలు కాడ మధ్యలో, ముల్లుకి ఎదురు వైపు. మందపాటి నైలాన్ దారం ముక్క రెండు కొసలూ లైటర్‌తో కాల్చి ఉండ కట్టించి, నల్ల నెయిల్ పాలిష్ అద్ది, వంపు దగ్గర కళ్ళు. మీసాలకి నాటుకోడి మెడ ఈకల పీచు తీసేసిన కాడలు రెండు, ఫ్లై అంత పొడవు. ఒంటికి మాసిన తెలుపు ఉన్నిలో ఒక చిటికెడు లేత ఆకుపచ్చ కలిపి, దారం కనిపించేంత పల్చగా. కాళ్ళకి లేత రంగు కోడి ఈక ఒళ్ళంతా చుట్టి, వీపు వైపు పీచు కత్తిరించేయాలి. వీపుకి కొత్త చొక్కా కవర్ ప్లాస్టిక్, మూడు మిల్లీమీటర్ల పట్టీ, దాని మీద సన్న నైలాన్‌తో రిబ్. హుక్ నీళ్ళలో తిరగబడుతుంది కాబట్టి వీపు ప్లాస్టిక్ ముల్లు వైపు రావాలి, వైస్‌లో, అంటే హుక్‌ని పట్టి ఉంచే బిగింపులో, హుక్ తలకిందులుగా బిగించుకుంటే ఇది తేలిక. ముల్లుకీ కాడకీ మధ్య ఖాళీ మూసుకుపోకుండా చూసుకోవాలి, లేకపోతే చేప నోట్లో దిగదు.

ఉన్ని రంగు ఎప్పుడూ తడిపి చూడాలి. ఫ్రాంక్ సాయర్ అని ఇంగ్లండ్‌లో ఏవన్ నది కాపలా చూసిన పెద్దాయన ఉండేవాడు, ఆయన కిల్లర్ బగ్ అనే ఫ్లైకి చాడ్విక్స్ 477 అనే ఒకే ఒక ఉన్ని వాడేవాడు. ఆ ఉన్ని మీద అంత పట్టుదల దేనికంటే, పొడిగా ఒక రంగు, తడిస్తే జీవం ఉన్న గులాబీ మాసిన రంగు వస్తుంది. ఆ ఫ్లైలో ఉన్ని, రాగి తీగ తప్ప ఇంకేం లేదు. అన్న మొదట తెచ్చిన ఉన్ని పొడిగా ఉన్నప్పుడు సరిగ్గా రొయ్యే, తడిస్తే మట్టి రంగు అయిపోయింది, దాన్ని పక్కన పడేసినాం.

లాగుడు ఇట్ల కుదిరింది. కాస్ట్ పడినాక ఫ్లై దిగేదాకా ఆగాలి, రాడ్ కొస నీటికి ఆనించి లైన్ బిగువుగా ఉంచాలి. నాలుగు వేళ్ళంత చిన్న లాగుళ్ళు రెండు, టక్ టక్ అని. ఆగి ఐదు లెక్క పెట్టాలి. మళ్ళీ రెండు. మధ్యమధ్యలో ఒకసారి మెల్లగా అడుగు దూరం జరపాలి, రొయ్య మామూలుగా నడిచినట్టు. తగలడం ఎక్కువగా ఆ ఐదు లెక్కలోనే వస్తుంది, అది దెబ్బలాగా ఉండదు, లైన్ కొంచెం బరువెక్కుతుంది అంతే. అప్పుడు రాడ్ ఎత్తకూడదు, చేత్తో లైన్ గుంజాలి. రాడ్ ఎత్తితే ఫ్లై పైకి లేచిపోతుంది, చేప తప్పితే మళ్ళీ రాదు, చేత్తో గుంజితే తప్పినా ఫ్లై ఆ చుట్టుపక్కలే ఉంటుంది, అది మళ్ళీ పట్టుకోవచ్చు.

మొదటి జెల్ల పడిన సాయంత్రం అన్న ఫోన్లో అరిచిన అరుపు నాకు ఇంకా ఇష్టం. ఆ చలికాలమంతా జెల్లలు బాగానే పడినాయి, అప్పుడప్పుడూ చిన్న కొర్రమీను కూడా. అన్నీ చిన్న చేపలే, ఫొటోలకి గొప్పగా ఉండవు. జెల్లకి వీపు మీద ఒకటి, పక్క రెక్కలకి చెరొకటి ముళ్ళు ఉంటాయి, గుచ్చుకుంటే చెయ్యి చానాసేపు మండుతుంది, అందుకే బార్బ్ నొక్కేయమన్నా, నీళ్ళలోనే ఫోర్సెప్స్‌తో హుక్ తిప్పి వదిలేయొచ్చు.

దీని తర్వాత నేను మార్చినవి

ఇప్పుడు రొయ్య ఫ్లై నేర్చుకోవాలని ఎవరొచ్చినా మొదటి క్లాసులో వైస్ తీయను, వాళ్ళ చెరువు రొయ్యల్ని వాళ్ళ బేసిన్‌లోనే చూసుకుని రమ్మంటా. కట్టిన ప్రతి కొత్త ఫ్లై ముందు బేసిన్‌లో దిగాలి, అడ్డంగా దిగకపోతే విప్పి మళ్ళీ కట్టాలి. రంగు, ఆకారం, చోటు, పూట, లాగుడు ఒక్కొక్కటే మార్చమంటా, దీనికి ఓపిక కావాలి, కానీ అన్న కేసులో ఫ్లై మార్చి వదిలేసి ఉంటే పారదర్శకం పనికిరాదని తేల్చుకుని మళ్ళీ ఆరెంజ్‌కే పోయేవాడు. అన్నిట్లోకీ ఎక్కువ తేడా తెచ్చింది ఏదని అడిగితే నా దృష్టిలో ఆ ఆగడమే. పూట, చోటు మారినాక ఒకసారి పరీక్షకి పాత ఆరెంజ్ ఫ్లైనే వేసి, లాగి ఆపి లాగి ఆపి చూడమన్నా, దానికీ ఒక జెల్ల పడింది. పారదర్శకం ఫ్లైకి పడినన్ని పడలేదు, కానీ పడింది.

వానాకాలం మాత్రం ఈ కేసులో ఇంకా తెగలేదు. తుంగభద్ర నుంచి కెనాల్‌కి కొత్త నీళ్ళు వదిలితే చెరువు ఎర్రగా మారుతుంది, అప్పుడు పారదర్శకం ఫ్లై చేపకి కనపడదు, దగ్గరికి వచ్చి చూసే అవకాశమే ఉండదు. దానికి అన్న ఇప్పుడు ముదురు గోధుమ ఉన్నితో, మీసాలు పొడుగు పెట్టి, కాళ్ళ ఈక ఒత్తుగా చుట్టి ఒకటి కడుతున్నాడు. నీటిని కదిలిస్తే జెల్ల తన మీసాలతోనైనా పసిగడుతుందనేది ఆయన ఆలోచన, నాకు అది సరైన దారే అనిపిస్తోంది. కొన్ని పడినాయి, ఎర్ర నీళ్ళు మరీ చిక్కగా ఉన్న రోజుల్లో ఏదీ పడలేదు. ఈసారి కెనాల్ వదిలినప్పుడు గోధుమదీ నల్లదీ పక్కపక్కన, ఒకే కట్ట మీద, ఒకే సాయంత్రం వేసి చూడాలనుకుంటున్నాం.